రంగు డబ్బా కొనేముందు గోడ చుట్టూ ఒకసారి తిరగండి

(పెన్షనర్ల దినోత్సవ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ దినం. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చే దానం కాదని, అది ఉద్యోగి హక్కు అని తీర్పు చెప్పింది. ఆ తీర్పు గురించీ, మన బకాయిల గురించీ నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు వివరంగా చెప్పారు. అలా హక్కుగా చేతికి వచ్చిన డబ్బు మన ఇంటి బయటి గోడల మీదుగా ఎలా కారిపోతుందో, దాన్ని ఎలా ఆపుకోవచ్చో నేను నాలుగు మాటలు చెబుతాను. విషయం చిన్నదే. కానీ రిటైరయినప్పుడు వచ్చిన సొమ్ముతో ఒక్క ఇల్లు కట్టుకుని, అందులోనే కడదాకా వుండాలనుకునే మనలాంటి వాళ్లకు అది చిన్నది కాదు.

నేను ఇంజనీరును కాను. సర్వీసంతా గుమాస్తాగా ఫైళ్లతో గడిపినవాణ్ణి. గుడుపల్లెలో నా ఇంటికి మూడుసార్లు రంగు వేయించి, మూడుసార్లూ పోగొట్టుకుని, ఆ తర్వాత నేర్చుకున్న పాఠం ఇది. మీరు అంత ఫీజు కట్టకుండా నేర్చుకోవాలని నా కోరిక.

మన వాన, మన ఎండ

మనది మెట్టప్రాంతం. బోరు ఎంత లోతు దించినా నీళ్లు పడతాయో లేదో తెలియని నేల. గోడల చెమ్మ అంటే అది కోస్తా వాళ్ల గొడవ, మనకెందుకు అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. కానీ గమనించండి. మన మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతానికి రెండు వానాకాలాలు. జూన్ నుండి సెప్టెంబరు దాకా నైరుతి, అక్టోబరు నుండి డిసెంబరు దాకా ఈశాన్యం. మదనపల్లె అయినా, కుప్పం అయినా సముద్రమట్టానికి రెండు వేల అడుగులకు పైన వున్న వూళ్లు. కార్తీకంలో ముసురు పట్టిందంటే రోజుల తరబడి గోడ ఎండ మొహం చూడదు. తర్వాత చలికాలం మంచు. ఆ తర్వాత మాఘం దాటగానే ఎండలు.

ఇక్కడే మనం మోసపోతాం. గోడ నీళ్లు తాగేది కార్తీకంలో. రంగు పొక్కులు లేచి పెచ్చులు రాలేది శివరాత్రి, ఉగాది మధ్య. కాబట్టి ఎండకు రంగు చెడిందని తీర్మానించేస్తాం, లేదా కంపెనీని తిట్టుకుంటాం. జరిగేది వేరు. గోడ లోపల వున్న నీరు ఎండ తగలగానే ఆవిరై బయటికి రావాలని చూస్తుంది. మీద రంగు పొర దారి ఇవ్వదు. ఆవిరి దాన్ని నెడుతుంది. అదే పొక్కు. నీటిలో కరిగి వచ్చిన ఉప్పు గోడ పైపొరలో మళ్లీ గడ్డకట్టి గారను, రంగును వూడదోస్తుంది. మన వాళ్లు గోడ చౌడు పట్టింది అనేది దాన్నే. అంటే ఎండలో కనబడే జబ్బుకు కారణం వానలో వుంటుంది.

నా గోడ కథ

మా ఇంటి ఉత్తరపు గోడకు మొదట వేసిన రంగు రెండవ ఏటికే పెచ్చులు లేచింది. నాసిరకం రంగు అనుకుని రెండవసారి ఖరీదైనది కొన్నాను. అదీ అంతే. మూడవసారి వేయించడానికి సిద్ధమయినప్పుడు పక్కవీధిలో పనిచేస్తున్న ఒక ముసలి బేల్దారి ఆగి గోడ వంక చూసి, "రంగు తప్పు కాదు సామీ. పిట్టగోడ నీళ్లు తాగతా వుండాది. ముందు దాని నోరు మూయల్ల" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. పని కోసం లేనిపోనివి కల్పిస్తున్నాడనుకుని, నీ పని నువ్వు చూసుకోమని పంపించేశాను. మూడవసారి రంగు వేయించాను. దానికి పెట్టింది మా ఆవిడ కంటి ఆపరేషన్ కోసం దాచివుంచిన డబ్బు. ఆ ఆపరేషన్ ఆరు నెలలు వెనక్కి పోయింది. ఆమె ఒక్క మాట అనలేదు. అనివుంటే నాకు కొంత తేలికగా వుండేది.

2021 నవంబరులో మన చిత్తూరు జిల్లా అంతటా కురిసిన వానలు మీకందరికీ గుర్తే. ఆ ముసురులో ఒకరోజు గొడుగు వేసుకుని మొదటిసారిగా వానలోనే ఇంటి చుట్టూ తిరిగాను. పది నిముషాలు చాలింది. పిట్టగోడ తలమీద సన్నటి పగుళ్లలోకి నీరు దిగుతోంది. కిటికీ మీది సజ్జ అంచుదాకా వచ్చిన నీరు కింద పడకుండా, సజ్జ అడుగు భాగాన్ని పట్టుకుని వెనక్కి గోడమీదికి పాకుతోంది. మిద్దె నీళ్ల గొట్టం గోడకు మరీ దగ్గరగా వుండి, ధార సగం గోడమీదనే పడుతోంది. ఆ ముసలాయన చెప్పింది అక్షరాలా నిజం.

ఆఫీసులో పాత కాగితాలు చూడకుండా నోటు రాసిన గుమాస్తాకు మెమో తప్పదు. నేను చేసింది అదే పని. వాన వెలిశాక ఆయన ఇంటికి వెళ్లి, తప్పు నాదేనని చెప్పి, పని చేసిపెట్టమని అడిగాను. "వానలో చూస్తే ఎవురికైనా తెలుస్తుంది సామీ, అందరూ ఎండలో చూస్తారు" అన్నాడు, అంతే. పిట్టగోడ తలకు బండలు, సజ్జలకు గాడులు, ఒక పొడుగు గొట్టం. వీటన్నిటికీ అయిన ఖర్చు నేను ఒక్కసారి రంగుకు పెట్టినంత కూడా కాలేదు. 2022 ఏప్రిల్‌లో వేసిన రంగు ఈనాటికీ నిలిచివుంది.

నీరు వచ్చే నాలుగు దారులు

మొదటిది పైనుండి. పిట్టగోడ తల చదునుగా వుంటే నీరు నిలిచి పగుళ్లలోకి దిగుతుంది. తల మిద్దె వైపుకు కొంచెం వాలుగా వుండాలి. మన కుప్పం వైపు గ్రానైటుకు కరువు లేదు. పాలిషు బండ ముక్కలు తెచ్చి, రెండు వైపులా ఒకటిన్నర, రెండు అంగుళాలు బయటికి వచ్చేటట్టు పరిపించి, సందులు గట్టిగా పూడిపించండి. మిద్దెమీద నీరు ఎక్కడా నిలవకూడదు. వానాకాలానికి ముందు తూములలో ఆకులు, చెత్త తీయించండి. మరకలు గోడ పైభాగం నుండి చారలుగా కిందికి దిగుతూ వుంటే జబ్బు పైనే వుందని అర్థం.

రెండవది పక్కనుండి. సజ్జ అడుగున, అంచుకు ఒక అంగుళం లోపలగా, వేలు లావున పొడవునా గాడి తీయిస్తే నీరు అక్కడ తెగి కింద పడుతుంది. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీని అడిగితే ఖర్చు లేకుండా అయ్యే పని. కిటికీ చట్రానికీ గోడకూ మధ్య సందులు, కరెంటు పైపులు గోడలోకి వెళ్లే రంధ్రాలు, వెంట్రుకవాసి పగుళ్లు కూడా చూసుకోండి. పగులు మెట్లు మెట్లుగా ఏటవాలుగా పోతున్నా, ఏటేటా వెడల్పవుతున్నా అది రంగు పని కాదు, పునాది సంగతి. ఇంజనీరును పిలవాలి.

మూడవది కిందనుండి. ఇటుకలోనూ గారలోనూ కంటికి కనబడని సన్నటి రంధ్రాలు వుంటాయి. దీపం వత్తి నూనెను పైకి లాక్కున్నట్టు గోడ నేలలోని నీటిని పైకి లాక్కుంటుంది. నేలనుండి మూడు, నాలుగు అడుగుల ఎత్తుదాకా తెల్లగా ఉప్పు పూసి, గార పొడిపొడిగా రాలుతూ వుంటే ఇదే కారణం. కొత్తగా కట్టేవారు బేస్‌మట్టం మీద గోడ లేపేముందు, నీటిని ఆపే మందు కలిపిన 1:2:4 కాంక్రీటు పొర ఒకటిన్నర అంగుళం మందాన వేయించాలి. దీన్నే డి.పి.సి. అంటారు. మట్టితో కట్టిన పాత రాతిగోడలకు ఇది వుండదు. అలాంటి చోట్ల గోడ చుట్టూ రెండడుగుల వెడల్పున, బయటికి వాలు వుండేటట్టు బండలు పరచడం, గోడకు ఆనించి పోసిన మట్టి, కట్టెల మోపులు, పూలకుండీలు తీసివేయడం మేలు చేస్తుంది. మన పల్లెల్లో ఇంకొక కొత్త చిక్కు. సిమెంటు రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయి, వీధి మన బేస్‌మట్టానికంటే ఎత్తయిపోతోంది. వీధి నీరు వచ్చి గోడ మొదట్లో నిలుస్తోంది. దీనికి కాలువ అడగవలసింది పంచాయతీనే. అర్జీలు రాయడం మనకు చేతనయిన విద్యే కదా.

నాలుగవది ఇంటి లోపలినుండి. స్నానాలగది గోడ వెనుక, నీళ్ల పైపు పోయే దారిలో, ట్యాంకు పొర్లే చోట. మే నెల ఎండలో కూడా ఆరని గుండ్రటి మరక వుంటే వానను తిట్టకండి, పైపు చూపించండి. ట్యాంకు పొర్లే గొట్టం కింద ఎప్పుడూ పచ్చటి పాచి వుంటుంది. మోటారు సమయానికి ఆపితే సగం రోగం పోతుంది.

ఏ దారో తెలియకపోతే రెండు చిన్న పరీక్షలు. వాన లేని రోజుల్లో, నీడ వున్న చోట, ఒక అడుగున్నర పాలిథిన్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో గోడకు గాలి చొరకుండా అంటించి, ఒకటి రెండు రోజులు వుంచండి. కాగితం లోపలివైపు, అంటే గోడ వైపు, నీటి బొట్లు పడితే గోడలో ఇంకా నీరు వున్నట్టే. రంగు వేయవద్దు. రెండవది, ఒక పొక్కును చాకుతో కోసి చూడండి. లోపల ఒట్టి గార కనబడితే నీరు గోడ వెనుకనుండి నెట్టిందని అనుమానించాలి. పాత రంగే కనబడితే, దుమ్మూ పొడీ తుడవకుండా మీద రంగు వేశారని అనుమానించాలి.

బాగుచేసే వరుస

ఈ పనిలో వరుస ముఖ్యం. వరుస తప్పితే డబ్బు పోయినట్టే.

ముందు నీటి దారి మూయాలి. తర్వాత గోడ ఆరనివ్వాలి. బాగా నానిన గోడ ఆరడానికి అంగుళం మందానికి ఒక నెల అని ఒక మోటు లెక్క వుంది. తొమ్మిది అంగుళాల గోడకు అదెంతవుతుందో మీరే చూసుకోండి. మన మార్చి, ఏప్రిల్ ఎండలు ఇందుకు తోడ్పడతాయి. అందాకా గోడ వికారంగా వుంటే వుండనివ్వండి. చుట్టాలు ఏమనుకుంటారో అన్న తొందరలోనే మనం మోసపోయేది. పాలిథిన్ పరీక్ష మళ్లీ చేసి, పొడిగా వుంటేనే ముందుకు కదలాలి.

ఆ తర్వాత లేచిన రంగంతా గీకించాలి. గోడను సుత్తి పిడితో మెల్లగా తట్టుతూ పోండి. బోలుగా మోగిన చోట గార గోడను వదిలేసింది. అక్కడ గార కొట్టించి, కడిగిన ఇసుకతో 1:4 పాళ్లలో కొత్త గార వేయించి, వారం రోజులు నీళ్లు పట్టాలి. కొత్త గార మీద కనీసం 28 రోజులు ఆగకుండా రంగు వేయకూడదు. పచ్చి గారలోని సిమెంటు ఘాటు రంగును తినేస్తుంది. తెల్లగా పూసిన ఉప్పును ముందు పొడి బ్రష్షుతో రుద్ది రాల్చి, ఎత్తి పారేయాలి. ముందే నీళ్లు కొడితే ఆ ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. పాచి వున్న చోట బ్లీచింగు పౌడరు నీళ్లు పూసి, కాసేపు వుంచి, బ్రష్షుతో రుద్ది, బాగా కడిగి ఆరబెట్టాలి. చావని పాచి మీద వేసిన రంగు ఎక్కువకాలం నిలవదు.

సన్న పగుళ్లను కొద్దిగా వెడల్పు చేసి, దుమ్ము దులిపి, బయటి గోడలకు పనికివచ్చే పూడికతో నింపించాలి. ఇంటి లోపల వాడే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బయట వాడనివ్వకండి. నీరు తగిలితే మెత్తబడిపోతుంది. ఆ పైన బయటి గోడల ప్రైమరు ఒక పూత, రంగు రెండు పూతలు. పూతకూ పూతకూ మధ్య డబ్బామీద రాసినంతసేపు ఆగాలి. నీళ్లు కూడా డబ్బామీద చెప్పినంతే కలపాలి. ఎక్కువ నీళ్లు కలిపితే డబ్బా ఎక్కువ గోడకు వస్తుంది, కానీ ఎక్కువకాలం రాదు. దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోండి. మనకు అంతకంటే పనేముంది?

పొద్దున మంచు ఆరాక మొదలుపెట్టి, మిట్టమధ్యాహ్నం ఎండ నేరుగా పడే గోడను వదిలి నీడ గోడ పట్టుకోవాలి. ఫిబ్రవరి నుండి ఏప్రిల్ దాకా మనకు అనువైన కాలం. దీపావళికి ముందు హడావుడిగా వేయించే రంగు సగం వానకు నైవేద్యం.

సున్నం, సిమెంటు రంగు, ఎమల్షను

మన పెద్దలు రాయి, మట్టి గోడలకు సున్నం కొట్టేవారు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మెల్లగా రాయిలా గట్టిపడుతుంది, కానీ ఆవిరిని మూసివేయదు. గోడ లోపలి చెమ్మ దానిగుండా బయటికి పోతుంది. దాని ఘాటుకు పాచి కూడా త్వరగా పట్టదు. అందుకే సంక్రాంతికో ఉగాదికో ఒక పూత వేస్తే ఆ ఏడాదికి నిశ్చింత. ఇంకా అలాంటి పాత మట్టి, రాతి గోడల ఇళ్లలో వున్నవారికి నా సలహా ఒక్కటే. మెరుపుకు ఆశపడి వాటిమీద ఆయిల్ పెయింటు, ప్లాస్టిక్ పెయింటు పూయకండి. సున్నమే మంచిది.

సిమెంటు రంగును మనవాళ్లు స్నోసెం అనే పిలిచేవారు. అది సిమెంటు కాబట్టి వేసేముందు గోడ తడపాలి, వేశాక రెండు మూడు రోజులు నీళ్లు చల్లాలి. ఎమల్షనుకు దీనికి పూర్తిగా విరుద్ధం. గోడ పొడిగా వుండాలి. పాత అలవాటు కొద్దీ ఎమల్షనుకు ముందు గోడకు నీళ్లు కొట్టే పనివాళ్లను నేను చూశాను. మీ గోడకు ఏది వేస్తున్నారో ముందు తెలుసుకోండి. సిమెంటు రంగు పాత సున్నం మీదగానీ, ఆయిల్ పెయింటు మీదగానీ నిలవదు. పాతది పూర్తిగా గీకించాలి.

ప్రాణం ముందు, గోడ తర్వాత

నాలుగు జాగ్రత్తలు. ఒకటి, డెబ్భై దాటిన మనం నిచ్చెన ఎక్కకూడదు. తుంటి విరిగితే ఏ రంగుతోనూ అతకదు. కిందనుండి చూసి చెప్పడమే మన పని. రెండు, బ్లీచింగు పౌడరును యాసిడ్‌తో ఎన్నడూ కలపనివ్వకండి. విషవాయువు వస్తుంది. మూడు, పాత తలుపులు, కిటికీలు, గ్రిల్లుల మీది ఎనామిల్ పెయింటులో సీసం వుండే అవకాశం వుంది. ఇంటి రంగుల్లో సీసం పదిలక్షల భాగాలకు 90 భాగాలకు మించరాదన్న నిబంధన 2017 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చింది. అంతకుముందు వేసిన పూతలను గీకేటప్పుడు తడిపి గీకించండి, ముక్కుకు గుడ్డ కాదు, మంచి మాస్కు కట్టించండి, పొడి ఎత్తి పారేయించండి, మనవళ్లను, మనవరాళ్లను ఆ దరికి రానివ్వకండి. చిన్నపిల్లల మెదడుకు సీసం హాని చేస్తుంది. నాలుగు, స్విచ్చి బోర్డు వున్న గోడ చెమ్మగా వుంటే అది రంగు సంగతి కాదు. మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ముగించేముందు సంఘానికి ఒక మనవి. మనలో కుటుంబ పెన్షనుతో ఒంటరిగా వుంటున్న సోదరీమణులు వున్నారు. పిల్లలు బెంగుళూరులోనో, అంతకంటే దూరంగానో వుంటారు. గోడ చెడిందంటే ఎవరు ఏది చెబితే అది నమ్మి డబ్బు ఇవ్వవలసిన పరిస్థితి వారిది. వానాకాలంలో మనలో ఇద్దరేసి చొప్పున గొడుగులు పట్టుకుని అలాంటి ఇళ్ల చుట్టూ ఒకసారి తిరిగి, నీరు ఎక్కడ దిగుతోందో ఒక కాగితం మీద రాసి ఇస్తే చాలు. ఎస్టిమేటు వేసేవాడు ఆ కాగితం చూసి మాట్లాడతాడు. ఇందుకు చందా అక్కరలేదు, తీర్మానం అక్కరలేదు. మొదటి గొడుగు నేను పట్టుకుంటాను.

ఆ ముసలి బేల్దారి మాట నేను మొదటే వినివుంటే, మా ఆవిడ ఆరు నెలల ముందే నా మొహం స్పష్టంగా చూసివుండేది. అందులో ఆమెకు పెద్ద నష్టం లేదని ఆమే అంటుంది. నష్టం నాకే.